భూమి ముందు, మాట తరువాత

సోలాపూర్ అశోక్ చౌక్‌లో మరమగ్గాల మీద తువ్వాళ్లు, చద్దర్లు నేసే తెలుగు పద్మశాలీలకు కరెంటు పోతే కూలి పోయినట్లే. కనుక మహారాష్ట్రలో విద్యుత్తు కోసం ఎవరి నేల తీసుకున్నారు, వారిని ఎప్పుడు అడిగారు అన్నది ఇక్కడ స్థిరపడిన తెలుగువారికి పరాయి సంగతి కాదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం తలపెట్టినందున స్వస్థలంలోని వారికి అంతకంటే కాదు.

దేశంలో మొదటి అణువిద్యుత్ కేంద్రం 1969లో ఈ రాష్ట్రంలోని తారాపూర్‌లోనే ప్రారంభమైంది; అప్పటికి ప్రజలను అడిగి తీరాలనే నిబంధన లేదు. పరిశ్రమకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు స్థానికుల మాట బహిరంగంగా వినే ప్రజాభిప్రాయ సేకరణ 1997లో నిబంధనల్లోకి వచ్చింది. కనీసం 30 రోజుల ముందు ప్రకటించాలనీ, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలనీ, సభలో వచ్చిన అభిప్రాయాలను చివర అదే భాషలో చదివి వినిపించాలనీ 2006 నాటి నోటిఫికేషన్ నిర్దేశించింది.

రత్నగిరి జిల్లా జైతాపూర్ వద్ద ఫ్రెంచి సాంకేతికతతో ఆరు రియాక్టర్లు, మొత్తం 9,900 మెగావాట్లు తలపెట్టిన ప్రాజెక్టుకు ఆ సభ 2010 మే 16న మాడ్బన్ గ్రామంలో జరిగింది. అయితే సుమారు 938 హెక్టార్ల సేకరణ అప్పటికే పూర్తయింది. పరిహారపు చెక్కులను చాలామంది రైతులు ముట్టనేలేదు. మరాఠీ నివేదిక తమకు సకాలంలో అందలేదని గ్రామస్థులు ఫిర్యాదు చేశారు. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. రేడియేషన్ భద్రత అణుశక్తి నియంత్రణ బోర్డు పరిధిలోని విషయం కాబట్టి, జనాన్ని అన్నిటికన్నా కలవరపెట్టిన ప్రశ్నను తేల్చే అధికారం సభ జరిపిన కాలుష్య నియంత్రణ మండలికి లేదు. నేల పోయాక, తేల్చలేనివారి ముందు మాట్లాడించడాన్ని సంప్రదింపు అనడం అన్యాయం.

ఆ ఏడాది నవంబరు 28న, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికైన పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ 35 షరతులతో అనుమతి ఇచ్చారు. ప్రాజెక్టు సమీపంలోని సాఖరీ నాటే గ్రామ జాలరులది వేరే బాధ. వారి భూమి పోలేదు, కాని రియాక్టర్లను చల్లబరిచిన వేడి నీరు సముద్రంలో కలిస్తే చేపలు దూరమవుతాయని వారి భయం. 2011 ఏప్రిల్ 18న అక్కడ జరిగిన పోలీసు కాల్పుల్లో ఒకరు మరణించారు. భూమి కోల్పోయినవారి జాబితాలో సముద్రం మీద బతికేవారికి చోటు లేదు. కొవ్వాడ మత్స్యకారులు తమ అధికారులను ముందుగా నిలదీయవలసింది దీని గురించే.