మన పట్టా వెనకాల ఉన్న రెవెన్యూ మంత్రి



మా వైపు రీసర్వే జరిగినప్పుడు ఒక చిన్న మాట వచ్చింది. దాని మీదే ఈ పోస్టు. కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా చేనుకీ పక్క ఊరి మిత్రుడి చేనుకీ మధ్య ఒక పుంతే అడ్డం. ఇద్దరం పాత రికార్డులు పట్టుకెళ్లాం. ఆయన దగ్గర ఉన్నది డైగ్లాట్ నకలు. నా దగ్గర ఉన్నది ఎస్.ఎఫ్.ఏ., అంటే సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్. దాంతోపాటు తాతగారి పెట్టెలోంచి తీసిన రఫ్ పట్టా ముక్క ఒకటి. "ఏవండీ, నేల ఒకటే, నీళ్లు ఒకటే. మీకో రికార్డు, మాకో రికార్డు ఏంటి?" అన్నాడు మిత్రుడు. సర్వే కుర్రాడు "మీది ఎస్టేట్ విలేజ్ అండి, వాళ్లది కాదు" అని తన పని తను చేసుకుపోయాడు.

అంతే. ఒక్క ముక్కలో తేల్చేశాడు. కానీ ఆ ఒక్క ముక్కలో నూట యాభై ఏళ్ల చరిత్రుంది. అందులో మన రాజమండ్రి వీధుల్లో తిరిగిన ఒక మనిషి ఉన్నాడు.

ముందు ఎస్టేట్ అంటే ఏంటో చెప్పుకుందాం. 1802లో కంపెనీ వాళ్లు పర్మనెంట్ సెటిల్మెంట్ పెట్టారు. జమీందారు ఏటా ఇంత పేష్కషు కట్టాలి, అది మళ్లీ పెరగదు. కట్టకపోతే జమీ వేలానికి పోతుంది. మన పెద్దాపురం వత్సవాయి వారి జమీ అప్పట్లో గోదావరి సీమలో పెద్ద జమీల్లో ఒకటి. బకాయిలు, వారసత్వపు తగాదాలు పెరిగి, పందొమ్మిదో శతాబ్దం సగమయ్యేసరికి అది సర్కారు చేతికి పోయింది. అలా పోయిన ఊళ్లు రైత్వారీ అయ్యాయి. అంటే మధ్యలో ఎవరూ లేకుండా రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టడం. మా మిత్రుడి ఊరు అలాంటిది.

కానీ పెద్ద జమీ పోయినా చుట్టుపక్కల చిన్న ఎస్టేట్లు, మొఖాసాలు, అగ్రహారాలు మిగిలాయి. పక్కనే పిఠాపురం జమీ ఉండనే ఉంది. ఆ ఊళ్లలో రైతు శిస్తు కట్టేది సర్కారుకి కాదు, జమీందారుకి. పుంతకి ఇటుపక్క ఒక లెక్క, అటుపక్క ఇంకో లెక్క అన్నమాట.

జమీందారు సర్కారుకి కట్టేది పెరగదు. మరి రైతు జమీందారుకి కట్టేదో? అక్కడే ఉంది తిరకాసు. రకరకాల పేర్లతో అది పెరుగుతూ పోయింది. దానికి తోడు నజరానాలు, వెట్టి. చెరువు పూడిక తీయించాల్సిన దివాణం తీయించదు గానీ, శిస్తు ఆలస్యమైతే పంట జప్తుకి మాత్రం మనుషులొస్తారు. 1908లో ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ వచ్చింది. శిస్తు కడుతున్నంత కాలం రైతుని భూమి మీంచి ఊరికే వెళ్లగొట్టడానికి లేదంది. జమీందారు పట్టా ఇవ్వాలి, రైతు ముచ్చిలిక రాసివ్వాలి అంది. మంచిదే. కానీ శిస్తు భారం అలాగే ఉంది. గమనించండి, అప్పుడు కూడా "పట్టా" ఉంది. దాని మీద సంతకం మాత్రం జమీందారుది.

ఇక మన కథలో మనిషి దగ్గరకొస్తాను. టంగుటూరి ప్రకాశం పంతులు గారు. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు 1928లో మద్రాసులో తుపాకీకి ఎదురుగా గుండె చూపించిన కథ చిన్నప్పుడు పుస్తకంలో చదివాం. బెజవాడ బ్యారేజీకి ఆయన పేరుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. ఇవన్నీ అందరికీ తెలుసు. ఆయన రెవెన్యూ మంత్రిగా చేసిన పని మాత్రం మన రైతుల్లోనే చాలామందికి తెలియదు.

ఆయన పుట్టింది 1872లో, ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో. తండ్రి చిన్నప్పుడే పోయారు, తల్లి పూటకూళ్లు నడిపి పెంచింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు ఆ కుర్రాణ్ణి చేరదీసి రాజమండ్రి తీసుకొచ్చారు. నాటకాలాడాడు, అల్లరి చేశాడు, చదివాడు, చివరికి అదే ఊళ్లో ప్లీడరయ్యాడు. రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ అయ్యాడు. తర్వాత ఇంగ్లండు వెళ్లి బారిస్టరై 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో బాగా సంపాదించాడు. ఆ సంపాదనంతా 1921లో పెట్టిన "స్వరాజ్య" పత్రికకీ, ఉద్యమానికీ ధారపోశాడు.

కోర్టు పక్షి కదండీ, భూమి తగాదాలు ఎలా నడుస్తాయో, కాయితంలో ఒక్క మాట తేడా వస్తే రైతు ఎలా మునుగుతాడో ఆయనకి బాగా తెలుసు.

1937లో ఎన్నికలయ్యి మద్రాసులో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. ప్రకాశం గారికి రెవెన్యూ ఇచ్చారు. అదే సంవత్సరం మన ఆంధ్ర రైతులు ఇచ్ఛాపురం నించి మద్రాసు దాకా కాలినడకన రైతు రక్షణ యాత్ర చేశారు. ఊరూరా జమీ రైతుల గోడు వింటూ, అర్జీలు తీసుకుంటూ నడిచారు. అప్పుల బాధకి రాజాజీ 1938లో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చారు. జమీ సంగతి తేల్చడానికి ప్రకాశం గారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు.

కమిటీ అంటే మనకి నవ్వొస్తుంది. "తేల్చడం ఇష్టం లేకపోతే కమిటీ వేస్తారు" అంటాం. ఈ కమిటీ అలాంటిది కాదు. రైతుల సాక్ష్యం తీసుకుంది, జమీందార్ల సాక్ష్యం తీసుకుంది. 1802 నాటి రెగ్యులేషన్లు బయటికి తీసి చదివింది. 1938లో రిపోర్టిచ్చింది. అందులో అసలు సంగతి మన భాషలో చెప్పాలంటే ఇంతే:

ఒకటి, భూమి జమీందారుది కాదు, దున్నే రైతుది. జమీందారు శిస్తు వసూలు చేసి సర్కారుకి కట్టే మనిషి మాత్రమే.

రెండు, 1802లో శాశ్వతం చేసింది జమీందారు కట్టే పేష్కషు ఒక్కటే కాదు. రైతు కట్టే శిస్తు కూడా ఆనాడే స్థిరపడింది. తర్వాత పెంచిందంతా అక్రమమే.

ఈ రెండో మాటకి జమీందార్లు గగ్గోలెత్తారు. చట్టం తెలిసిన వాళ్లలో కూడా అందరూ ఒప్పుకోలేదు. ఆ వాదనలోకి నేను వెళ్లను. కానీ ఆలోచించండి. జమీ రైతు అప్పటిదాకా దివాణానికి వెళ్లి "అయ్యా, ఈ ఏడు కాస్త తగ్గించండి" అని బతిమాలుకునే మనిషి. సర్కారు వారి రిపోర్టులో, సాక్షాత్తూ రెవెన్యూ మంత్రి చేతిరాతతో, "ఈ భూమి నీది" అని రాసి ఉంటే ఎలా ఉంటుంది? బతిమాలుకునేవాడు ఆ రోజు నించి హక్కు అడిగేవాడయ్యాడు.

మరి చట్టం వచ్చిందా అంటే, రాలేదండి. 1939లో యుద్ధం మొదలైంది. మన మాట అడక్కుండా ఇండియాని యుద్ధంలోకి దింపారని కాంగ్రెస్ మంత్రివర్గాలన్నీ ఆ అక్టోబరు, నవంబరుల్లో రాజీనామా చేశాయి. ప్రకాశం గారు కుర్చీ వదిలేశారు. రిపోర్టు బీరువాలోకి పోయింది. రైతు మళ్లీ పాత శిస్తే కట్టాడు.

1946లో ఆయన మద్రాసు ప్రధాని అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు. ఏడాది తిరక్కుండానే, 1947 మార్చిలో, సొంత పార్టీ వాళ్లే దించేశారు. ఆయన వైపు తప్పులు లేవని నేననను. ఖద్దరు మీద పట్టుదలతో కొత్త బట్టల మిల్లులు వద్దన్నారు, దానికి చాలామంది కోప్పడ్డారు. జనం ఇచ్చిన పర్సులు సొంతానికి వాడుకోవడం తప్పని గాంధీ గారే అన్నారు. మొండి మనిషి, పదిమందిని కలుపుకుపోయే నేర్పు తక్కువ. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి.

ఆయన తర్వాత ఓమండూరు రామస్వామి రెడ్డియార్ గారి మంత్రివర్గం వచ్చింది. అందులో రెవెన్యూ మంత్రి మన కోనసీమ మనిషి, అమలాపురం తాలూకా ముక్కామలలో పుట్టిన కళా వెంకటరావు గారు. బీరువాలో ఉన్న పని ఈ మంత్రివర్గం చేతుల మీదుగా నడిచింది.

ముందు 1947లో శిస్తు తగ్గింపు చట్టం వచ్చింది. ఎలా తగ్గించారో తెలుసాండి? పక్కనున్న రైత్వారీ ఊళ్లో అలాంటి నేలకి సర్కారు శిస్తు ఎంతుందో చూసి, జమీ ఊరి శిస్తు ఆ స్థాయికి దించారు. అంటే మా ఊళ్లాంటి ఊరి శిస్తు తేల్చడానికి కొలబద్ద, పుంతకి అవతల ఉన్న మా మిత్రుడి ఊళ్లాంటి ఊరు. ఈ సంగతి చెబితే ఆయన "అయితే మాకు కమీషన్ రావాలి" అని నవ్వాడు.

తర్వాత 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం, ఆ ఏటి 26వ నెంబరు చట్టం. దాని పూర్తి పేరులోనే ఉంది, ఎస్టేట్లు రద్దు చేసి రైత్వారీగా మార్చడం అని. పెద్ద ఎస్టేట్లు చాలా మటుకు 1949 సెప్టెంబరులో సర్కారు పరమయ్యాయి. చెరువులు, పోరంబోకులు, అడవులు, బంజర్లు సర్కారుకి వచ్చాయి. జమీందార్లకి నష్టపరిహారం ఇచ్చారు. ఎస్టేటు ఏడాది ఆదాయం ఒక పద్ధతిలో లెక్కకట్టి, పెద్ద ఎస్టేటుకి దానికి పన్నెండున్నర రెట్లు, చిన్నవాటికి ముప్ఫై రెట్ల దాకా. 11వ సెక్షన్ కింద సాగులో ఉన్న రైతుకి రైత్వారీ పట్టా. సెటిల్మెంట్ వాళ్లు ఊరూరా వచ్చి కొలిచి, విచారించి, పేర్లు రాశారు. నా దగ్గరున్న రఫ్ పట్టా, ఎస్.ఎఫ్.ఏ. అప్పటివే. సర్వే కుర్రాడు "ఎస్టేట్ విలేజ్" అన్న మాటకి అర్థం ఇది.

ఇంత చేసిన పార్టీకి 1952 ఎన్నికల్లో మన ఆంధ్రలో గట్టి దెబ్బ తగిలింది. కళా వెంకటరావు గారు కూడా ఓడిపోయారు. తిండిగింజల కరువు, కంట్రోళ్లు, భూమి లేని వాళ్ల ఆకలి, కమ్యూనిస్టుల బలం, అన్నీ కలిశాయి. పట్టా అందుకున్న చెయ్యే ఓటు ఇంకోడికి వేసింది. ప్రకాశం గారు 1953లో ఆంధ్ర ముఖ్యమంత్రి అయ్యారు, 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో దిగిపోయారు. 1957 మే 20న పోయారు. అంత సంపాదించిన బారిస్టరు పోయేనాటికి వెనకేసుకున్నది ఏమీ లేదు.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. ఆయన చట్టం తేలేకపోయారు. పదవిలో ఉన్నది రెండేళ్ల చిల్లర. కానీ ఆ రెండేళ్లలో రైతుని పిలిచి కూర్చోబెట్టి, చెప్పింది విని, రాయించి, రికార్డు చేశారు. కుర్చీ పోయినా ఆ రికార్డు పోలేదు. పదేళ్ల తర్వాత వేరేవాళ్లు ఆ పని చెయ్యక తప్పలేదు. మంత్రి ఎంతకాలం ఉన్నాడన్నది కాదు, మన గురించి ఏం రాసి వెళ్లాడన్నది చూడాలి.

ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. 1948లో పట్టా వచ్చింది జమీందారు కింద ఉన్న రైతుకి. ఆ రైతు కింద మక్తాకి చేసే వాడికి రాలేదు. వాళ్ల కోసం 1956లో ఆంధ్ర కౌలుదారీ చట్టం వచ్చింది. తర్వాత 2011లో ఒకటి, 2019లో ఒకటి వచ్చాయి. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు పదకొండు నెలలకే, దానికీ భూమి గల ఆసామి సంతకం కావాలి. మన గోదావరి జిల్లాల్లో దున్నేవాళ్లలో ఎక్కువమంది కౌలు రైతులేనని మనందరికీ తెలుసు. తుపానుకి పంట పడిపోతే పరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో కూడా తెలుసు.

నేనూ రెండెకరాలు మక్తాకి ఇచ్చాను. మొన్నటిదాకా సంతకం పెట్టలేదు. "రేపు భూమి నాదంటాడేమో" అని భయం. ఈ పోస్టు రాయడానికి పెట్టె తీసి తాతగారి కాయితం చూశాక సిగ్గేసింది. దివాణంలో జమీందారు కూడా ఇదే అనుకుని ఉంటాడు కదా, మా తాత గురించి. పదకొండు నెలల కార్డుతో భూమి ఎక్కడికీ పోదండి. ఈ సార్వాకి సంతకం పెట్టేశాను.

మీ ఊరు ఎస్టేటా, రైత్వారీయా? ఇంట్లో పెద్దల పెట్టెలో రఫ్ పట్టా గానీ, ముచ్చిలిక గానీ ఉంటే చెదలు పట్టకముందే ఒక ఫోటో తీసి దాచుకోండి. పిల్లలకి చూపించి ఈ కథ చెప్పండి.

ఉంటానండి. ఏలేరు నీళ్లు వదిలారంట, చేలోకెళ్లాలి.