కలకత్తా నుండి వాల్తేరు వరకు: ఒక గురుపరంపర

శాస్త్రజ్ఞుని కృషిని లెక్కించేటప్పుడు ఆయన కనిపెట్టిన విషయాలను, వ్రాసిన గ్రంథాలను చెప్పుకొంటాం. ఆచార్యుని కృషిని లెక్కించడానికి ఇది చాలదు. ఆయన వద్ద చదివినవారు ఇరవై ఏళ్ళ తరువాత ఏమి చేశారు, వారి వద్ద చదివినవారు ఏమి చేశారు అన్నది కూడా చూడాలి. ఈ లెక్కన చూస్తే భారతదేశ రసాయనశాస్త్ర చరిత్రలో ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్‌తో సరితూగేవారు అరుదు. ఆయన నాటిన విత్తనపు ఫలం ఆంధ్రదేశానికి కూడా దక్కింది.

రాయ్ 1861 ఆగస్టు 2వ తేదీన వంగదేశంలోని రాడులి గ్రామంలో జన్మించారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో క్రమ్ బ్రౌన్ అనే ఆచార్యుని వద్ద రసాయనశాస్త్రం అభ్యసించి, 1887లో డి.ఎస్‌సి. పట్టం పొందారు. స్వదేశానికి తిరిగి వచ్చి 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతంపై చేరారు. విద్యాశాఖలోని పెద్ద ఉద్యోగాలు అప్పట్లో దాదాపు ఆంగ్లేయులకే దక్కేవి. ఎంతటి పట్టం ఉన్నా భారతీయులకు క్రింది శ్రేణియే గతి.

అంతకంటె పెద్ద లోటు మరొకటి ఉండేది. నాటి కళాశాలలలో రసాయనశాస్త్రమంటే పరీక్ష కొరకు వల్లెవేసే పాఠమే. కొత్త విషయం కనుగొనాలనే కోరిక గల విద్యార్థి సముద్రం దాటి పోవలసిందే. రాయ్ తాను ఒక్కరే పరిశోధన చేసుకొని పేరు తెచ్చుకొన్నా ఈ లోటు తీరేది కాదు. ఆయనతోనే ఆ పని ఆగిపోయేది.

1895లో ఆయన చల్లని సజల నత్రికామ్లాన్ని పాదరసంపై పనిచేయించినప్పుడు పసుపుపచ్చని స్ఫటికాలు ఏర్పడినవి. అది మెర్క్యురస్ నైట్రైట్ అని ఆయన గుర్తించారు. ఈ పరిశోధన ఆయనకు విదేశాలలో కూడా కీర్తి తెచ్చింది. అయినప్పటికీ ఆయన క్రింది తరగతులకు పాఠం చెప్పడం మానలేదు. పైతరగతులకు చేరేసరికి విద్యార్థుల మనస్సు ఒక మూసలో గట్టిపడిపోతుందనీ, లేతగా ఉన్నప్పుడే దానిని శాస్త్రం వైపు త్రిప్పాలనీ ఆయన నమ్మకం. ఆయన పాఠాలలో ప్రయోగాలు తప్పక ఉండేవి. ఎముకను కాల్చి బూడిద చేసి, దానిని తరగతిలోనే నోట వేసుకొనేవారని శిష్యులు చెప్పుకొనేవారు. కాలిన తరువాత మిగిలినది కేవలం కాల్షియం ఫాస్ఫేట్ అనీ, అందులో అంటు లేదనీ విద్యార్థులకు ఇంతకంటె బాగా ఎవరు చెప్పగలరు?

ఈ పాఠాల ఫలితం కొద్ది సంవత్సరాలలోనే కనిపించింది. నీలరతన్ ధర్ ఆయన వద్ద చదివి పరిశోధన ప్రారంభించారు. 1909లో జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ, సత్యేంద్రనాథ్ బోస్ ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. రెండేళ్ళకు మేఘనాద్ సాహా వారితో కలిశారు. ఒక్క కళాశాలలో ఇందరు మేధావులు ఒకేసారి కూడడం అదృష్టమే కావచ్చు. కాని వారికి పరిశోధన అంటే ఏమిటో కండ్లారా చూపించే గురువు అక్కడ ఉండడం మాత్రం అదృష్టం కాదు. అది ఇరవై ఏళ్ళ కృషికి ఫలం.

వీరెవ్వరూ గురువు ఎన్నుకొన్న విషయాన్నే పట్టుకొని కూర్చోలేదు. ఘోష్ 1918లో లవణ ద్రావణాలలోని విద్యుత్ ప్రసరణను వివరిస్తూ ఒక సిద్ధాంతం ప్రకటించారు. ఐదేళ్ళ తరువాత వచ్చిన డిబై, హ్యూకెల్‌ల సిద్ధాంతం దాని స్థానాన్ని ఆక్రమించింది; కాని కలకత్తా నుండి వచ్చిన ఆలోచనను ప్రపంచం చర్చించింది. ఘోష్ తరువాత ఢాకాలో ఆచార్యులై, బెంగుళూరు విజ్ఞాన సంస్థకు డైరెక్టరై, ఖరగ్‌పూర్‌లో వెలసిన మొదటి ఐ.ఐ.టి.కి తొలి డైరెక్టరయినారు. ముఖర్జీ మట్టిలోని సూక్ష్మకణాలను పరిశీలించారు. ధర్ అలహాబాదులో భౌతిక రసాయనశాస్త్రానికి ఒక కేంద్రం నెలకొల్పారు. సాహా నక్షత్రాల వేడిలో పరమాణువులు ఎలక్ట్రానులను కోల్పోవడాన్ని ఒక రసాయన చర్యగా భావించి, 1920లో తన ప్రసిద్ధ సమీకరణాన్ని సాధించారు.

గురువు ప్రభావం ప్రయోగశాలతో ఆగలేదు. 1916లో రాయ్ ప్రెసిడెన్సీ కళాశాలను వదలి విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో ఆచార్యులుగా చేరారు. అవివాహితులైన ఆయన ఆ కళాశాల భవనంలోనే ఒక గదిలో నివసించారు. 1921లో అరవై ఏళ్ళు నిండినప్పుడు, ఇకపై తనకు రాబోయే జీతమంతా రసాయనశాస్త్ర శాఖ అభివృద్ధికీ పరిశోధక వేతనాలకూ విశ్వవిద్యాలయానికే ఇచ్చివేశారు. 1936లో విరమించే వరకు ఈ మాట నిలిచింది. మన ప్రాచీన రసవాది నాగార్జునుని పేర ఒక బహుమానాన్ని కూడా ఆయన నెలకొల్పారు. శిష్యుడు ధర్ కూడా తన సంపాదనను అలహాబాదులో మృత్తికా పరిశోధన సంస్థకు ధారపోశారు. ఈ పాఠం ఏ పుస్తకంలోను లేదు. గురువును చూచి నేర్చుకొన్నది.

1922లో ఉత్తర వంగంలో వరదలు వచ్చినప్పుడు రాయ్ సహాయక సంఘానికి నాయకత్వం వహించారు. సాహా ఆయన వెంట పనిచేశారు. నదులు ఎందుకు పొంగుతాయి, వాటిని ఎలా అదుపులో పెట్టవచ్చు అనే ప్రశ్న ఆయనను వదలలేదు. 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్ ఏర్పడడానికి దారితీసిన ఆలోచనలలో ఆయన రచనలకు కూడా పాలు ఉంది.

ఇక దక్షిణాదికి వచ్చిన శాఖను చూద్దాం. రాయ్ శిష్యులలో బిమన్ బిహారీ దే మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులయినారు. ఆయన వద్ద పరిశోధన నేర్చినవారిలో టి. ఆర్. శేషాద్రి ఒకరు. శేషాద్రి మాంచెస్టరులో రాబిన్సన్ వద్ద పనిచేసి తిరిగి వచ్చి, 1933లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. విశ్వవిద్యాలయం వెలసి అప్పటికి ఏడేళ్ళే. ఖరీదయిన సరకు కొరకు కాచుకొనక, ఆయన చుట్టుపట్ల దొరికే వాటినే పరిశోధనా వస్తువులుగా చేసుకొన్నారు: పత్తి పూలు, గోగు పూలు, గంగరావి పూలు, కానుగ గింజలు. వాటిలోని వర్ణద్రవ్యాలను, ఇతర పదార్థాలను శుద్ధిచేసి నిర్మాణం తెలుసుకొనే విద్యను వాల్తేరు విద్యార్థులకు నేర్పారు. 1942లో విశాఖపట్నంపై జపాను బాంబులు పడిన తరువాత విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలవలసి వచ్చినా ఆ పని ఆగలేదు. 1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1960లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది.

పాదరసం మొదలు పత్తి పూవు వరకు ఈ పరంపరలో విషయాలు ఎన్నో మారినవి. మారనివి మూడు: చేతితో చేసి చూడడం, దగ్గర ఉన్న వస్తువుతోనే ప్రారంభించడం, సంపాదించిన విద్యను తరువాతివారికి అందించడం. పరిశోధన ఫలితాలను క్రొత్త ఫలితాలు త్రోసిరాజనవచ్చు. ఘోష్ సిద్ధాంతం విషయంలో జరిగినది అదే. పని చేసే పద్ధతి అలా కాదు. శిష్యులకు శిష్యులయినవారు, రాయ్‌ని ఎన్నడూ చూడనివారు కూడా దానిని ఆయన నుండే అందుకొన్నారు. 1944 జూన్ 16వ తేదీన విజ్ఞాన కళాశాలలోని తన గదిలో రాయ్ కన్నుమూసేనాటికి, పరిశోధన కొరకు భారతీయ విద్యార్థి సముద్రం దాటి తీరవలసిన అవసరం తప్పింది.