నాగజెముడును జయించిన పురుగు

అనంతపురమువంటి మెట్టసీమలలో ఒకప్పుడు బీళ్లను, ఊరిపొలిమేరలను నాగజెముడు కమ్ముకొన్నది. కరువువేళ రైతులు ముళ్లు కాల్చి పశువులకు పెట్టినదీ దానినే. ఇది అమెరికా ఖండపు మొక్క. దీని రసము పీల్చి బ్రతికే కోచినీల్ పురుగునుండి ఎర్రరంగు లభిస్తుంది. ఆ వర్తకము చిరకాలము స్పెయిన్ గుప్పిటనుండెను. 1795లో బ్రెజిల్‌నుండి కలకత్తాకు తెచ్చిన పురుగు మేలుజాతిది కాదు. దాని రంగు నాసి. అయినను అది ఒక జాతి నాగజెముడును నాశనముచేసినది. దక్షిణాదిన దట్టముగా వ్యాపించిన వేరొక జాతిని మాత్రము ముట్టలేదు. 1926లో సింహళమునుండి మరొక జాతి కోచినీల్ పురుగును తెప్పించగా, కొద్ది యేండ్లలోనే ఆ పొదలు విస్తారముగా ఎండిపోయి, నేల రైతుకు దక్కినది. పురుగుల రూపమొకటే అయినను, జాతి మారితే ఆహారము మారును, ఫలితమూ మారును.