ఇంట్లో పాత వెండి: గుర్తింపు, వాడకం, జకాత్ లెక్క, శుభ్రత

చాలా ముస్లిం ఇళ్లలో అల్మారా పై అరలో ఒక గుడ్డ మూట ఉంటుంది. దాదీమా జహేజ్‌లో తెచ్చుకున్న పాన్‌దాన్, నల్లబడ్డ గులాబ్‌పాష్, ఒక అత్తరుదాన్, రెండు జతల పాయల్, కొన్ని పాత రూపాయలు అందులో ఉంటాయి. ఇంట్లో పెళ్లి కుదిరితే ఆ మూట విప్పి, సరాఫా దుకాణంలో తూకానికి ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవడం మామూలే. కానీ ఇచ్చేముందు అదేమిటో చూసుకునేవాళ్లు తక్కువ. వస్తువు అసలు వెండేనా, అందులో వెండి పాలు ఎంత, ఎక్కడ తయారైంది అన్నవి తెలిస్తేనే దాని ధర, వాడకం, జకాత్, శుభ్రం చేసే పద్ధతి తేలతాయి.

స్టెర్లింగ్ అంటే ఏమిటి?

శుద్ధ వెండి మెత్తన. దానితో చేసిన చెంచా సులువుగా వంగిపోతుంది. అందుకే గట్టిదనం కోసం వేరే లోహం, సాధారణంగా రాగి, కలుపుతారు. 1000 పాళ్లలో 925 పాళ్లు వెండి ఉంటే దాన్ని స్టెర్లింగ్ అంటారు. ఇది ఇంగ్లండ్‌లో శతాబ్దాలుగా ఉన్న ప్రమాణం. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) హాల్‌మార్క్‌లోనూ 800, 925, 990 వంటి స్థాయిలు ఉన్నాయి. 2025 సెప్టెంబరు నుంచి వెండికి కూడా హెచ్‌యూఐడీ నంబరుతో హాల్‌మార్క్ వేస్తున్నారు. అయితే వెండికి ఇది స్వచ్ఛందమే.

ముద్రలు ఎలా చదవాలి?

పళ్లెం అడుగున, చెంచా కాడ వెనక, మూత అంచున భూతద్దంతో చూడాలి. ఇంగ్లండ్ స్టెర్లింగ్‌పై నడుస్తున్న సింహం ముద్ర ఉంటుంది. దాని పక్కనే ఊరి గుర్తు: లండన్‌కు చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు, షెఫీల్డ్‌కు పాత రోజుల్లో కిరీటం, 1975 నుంచి గులాబీ. ఇంకో అక్షరం తయారైన సంవత్సరాన్ని చెబుతుంది. రాజు లేదా రాణి తల ముద్ర కూడా ఉంటే ఆ వస్తువు చాలావరకు 1784, 1890 మధ్యది.

మన దేశంలో బ్రిటిష్ కాలంలో ఇలాంటి ప్రభుత్వ పరీక్ష లేదు. మద్రాసులోని పి.ఓర్ అండ్ సన్స్, కలకత్తాలోని హామిల్టన్ వంటి కంపెనీలు తమ పేరు ముద్ర వేసేవి. స్థానిక కంసాలి చేసిన వాటిపై చాలాసార్లు ఏ ముద్రా ఉండదు. ముద్ర లేనంత మాత్రాన అది నకిలీ కాదు. అలాంటప్పుడు పరీక్ష కేంద్రంలో ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో చూపిస్తే, గీత పడకుండానే పైపొరలో వెండి శాతం తెలుస్తుంది. పూత ఉందన్న అనుమానం ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

కరీంనగర్ తీగపని, బిద్రీ, పాత రూపాయలు

సన్నని వెండి తీగను మెలిపెట్టి అల్లే కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అత్తరుదాన్‌లు, పాన్‌దాన్‌లు, ట్రేలు ఈ పనిలో ప్రసిద్ధి. హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు రజతోత్సవ సందర్భంగా వచ్చిన వెండి కానుకలు చూడొచ్చు.

బిద్రీ మొత్తం వెండి కాదు. జింకు, రాగి కలిపిన లోహాన్ని నల్లగా చేసి, అందులో వెండి తీగ, రేకు పొదుగుతారు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న బీదర్ దీని పుట్టినిల్లు.

పాత రూపాయల్లో 1940కి ముందువాటిలో సుమారు 92 శాతం వెండి ఉంటుంది. 1940 నుంచి 1945 వరకు వచ్చినవాటిలో సగమే వెండి. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కాలో ముందునుంచీ ఆ పాత బ్రిటిష్ రూపాయి కంటే వెండి పాలు తక్కువ.

వెండిలా కనిపించేవి

జర్మన్ సిల్వర్‌లో వెండి అసలే ఉండదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. అడుగున ఈపీఎన్ఎస్ అన్న ఇంగ్లిష్ అక్షరాలుంటే, ఆ మిశ్రమంపై కరెంటుతో వెండి పూత పూశారని అర్థం. అంచుల్లో, మలుపుల్లో పూత అరిగి లోపలి పసుపు రంగు బయటపడుతుంది. కళాయి పూసిన రాగి గిన్నెలను కూడా కొందరు వెండి అనుకుంటారు. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు. అంటుకోనంత మాత్రాన వెండి అని కూడా కాదు, రాగి, ఇత్తడి కూడా అంటుకోవు.

వాడకం: ఏది సరి, ఏది కాదు

వెండి, బంగారు పాత్రల్లో తినడం, తాగడం దైవప్రవక్త ముహమ్మద్ (స) నిషేధించారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ఇది మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకటే. ఈ నిషేధం వెండి చెంచాకు, అత్తరుదాన్‌కు, సుర్మా పుల్లకు కూడా వర్తిస్తుందని ఫిఖ్హ్ పండితుల్లో అత్యధికులు చెప్పారు. కాబట్టి స్టెర్లింగ్ టీ సెట్ ఎంత అందంగా ఉన్నా అందులో మెహమాన్‌లకు చాయ్ పోయడం కుదరదు. వాడకుండా అలంకారానికి పెట్టుకోవడంపై భిన్నాభిప్రాయాలున్నాయి. స్థానిక ముఫ్తీని అడగడం మంచిది.

నగల సంగతి వేరు. ఆడవాళ్లు పాయల్, కంగన్, హంస్లీ వంటి పాత వెండి నగలు నిరభ్యంతరంగా తొడుక్కోవచ్చు. మగవాళ్లకు వెండి ఉంగరం అనుమతే. పగిలిన పాత్రను వెండితో అతకడం కూడా ఉంది: ప్రవక్త (స) వాడిన గిన్నె పగిలితే వెండితో అతికించిన సంగతి బుఖారీలో కనిపిస్తుంది. పాత వెండి సేకరించాలని మనసుంటే నగలతో మొదలుపెట్టడం మేలు. అవి పెట్టెలో కాక ఒంటి మీద ఉంటాయి.

జకాత్ లెక్కలో తులం చిక్కు

వెండి నిసాబ్ 52.5 తులాలు అని అందరూ చెబుతారు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఇవాళ దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములు. పాత తులం బ్రిటిష్ రూపాయి బరువు, 11.66 గ్రాములు. నిసాబ్ ఆ పాత తులంతోనే లెక్క, అంటే 612.36 గ్రాములు. 525 గ్రాములు కాదు.

మిశ్రమ వెండిని ఎలా లెక్కించాలి? 80 శాతం వెండి ఉన్న 650 గ్రాముల పాన్‌దాన్ తీసుకుందాం. అందులో శుద్ధ వెండి 520 గ్రాములే. షాఫయీ పద్ధతిలో శుద్ధ వెండినే చూస్తారు. హనఫీ పద్ధతిలో వెండి పాలు ఎక్కువైతే మొత్తం వస్తువును వెండిగానే లెక్కిస్తారు, కాబట్టి అది నిసాబ్ దాటినట్టే. ఇంట్లోని బంగారం, నగదు కూడా ఇందులో కలుస్తాయి. నిసాబ్ నిండి చాంద్రమాన సంవత్సరం గడిస్తే 2.5 శాతం ఇవ్వాలి. వస్తువు ఎవరిదో కూడా చూడాలి. కోడలి జహేజ్ వెండి కోడలి ఆస్తి. దాన్ని అత్తగారి లెక్కలో కలపకూడదు.

శుభ్రం చేయడం

వెండి నల్లబడేది గాలిలోని గంధకం వల్ల. కోడిగుడ్డు, ఉల్లి, ఉన్ని, రబ్బరు బ్యాండు దాన్ని ఇంకా తొందరగా నల్లబరుస్తాయి. ఉప్పు అయితే గుంటలు పడేలా తినేస్తుంది.

- గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బుతో కడిగి, మెత్తటి నూలు గుడ్డతో వెంటనే తడి లేకుండా తుడవాలి.
- టూత్‌పేస్ట్, బూడిద, పీచు వద్దు. గీతలు పడతాయి, ముద్రలు అరిగిపోతాయి.
- అల్యూమినియం ఫాయిల్, వంట సోడా, వేడినీళ్ల చిట్కా నలుపును తీస్తుంది. కానీ నగిషీ గాళ్లలో ఉండాల్సిన నలుపునూ తీసేస్తుంది. రాళ్లు పొదిగినవాటికి, బోలు పిడి ఉన్న కత్తులకు అసలే వద్దు.
- తీగపనిని రుద్దకూడదు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.
- బిద్రీకి చింతపండు, పాలిష్ ఏదీ తగలనివ్వకూడదు. నలుపు పోతే దాని అందమే పోతుంది.
- న్యూస్‌పేపరులో చుట్టకుండా, ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో పెట్టాలి.

అమ్మేముందు, పిల్లలకు పంపేముందు

తూకం ధర వెండిదే, పనితనానిది కాదు. ముద్ర ఉన్న స్టెర్లింగ్‌కు, మంచి తీగపనికి, కొన్ని సంవత్సరాల నాణేలకు సేకరించేవాళ్లు తూకం కంటే ఎక్కువ ఇస్తారు. ఒకసారి కొలిమిలో పడితే అది తిరిగిరాదు.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకు పాత వస్తువులు పంపేటప్పుడూ జాగ్రత్త అవసరం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని సొంతంగా దేశం దాటించడం నేరం. వయసు విషయంలో అనుమానముంటే భారత పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి.

ఒక నోటుబుక్కులో ప్రతి వస్తువు పేరు, గ్రాముల్లో బరువు, ముద్ర, ఎవరిది, ఎవరి నుంచి వచ్చింది అన్నవి రాసి, ఫోటో తీసి పెట్టుకుంటే జకాత్ లెక్కకూ, రేపు విరాసత్ పంపకానికీ పనికొస్తుంది. ఇంటి పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి.