ఫలక్‌నుమా కిచిడీలో మన వాటా ఎంత?



పోస్టు కొంచెం పొడుగ్గనే ఉంటది. ఓపికతో చివరిదాకా చదవండి.

మేము ఐదుగురం ఫలక్‌నుమా రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఒక్క రూములో ఉంటున్నం. ముగ్గురం పాలమూరు తండాల నుంచి, ఇద్దరం ఆదిలాబాద్ గూడేల నుంచి వచ్చినోళ్ళం. కిందికి చూస్తే మహబూబ్‌నగర్ వైపు పోయే రైలు పట్టాలు, మెడ ఎత్తి చూస్తే గుట్ట మీద ప్యాలెస్. రూములో ఒక గ్యాస్ స్టవ్వు, ఒక ఐదు లీటర్ల కుక్కరు. పరీక్షల రోజుల్లో పొద్దున కిచిడీ, రాత్రి కిచిడీ. అది తినే ఇక్కడిదాకా వచ్చినం.

పోయిన నెల కొత్తగా వచ్చిన తమ్ముణ్ణి పొద్దున్నే హోటల్‌కు తీసుకపోయినం. పాతబస్తీల పొద్దుటి నాష్తా అంటే కిచిడీ, ఖీమా, ఖట్టా, పక్కన ఒక పాపడ్. పక్క టేబుల్ మీద కూర్చున్న పెద్దాయన మంచి మనసుతోనే అన్నడు, "తినండి బేటా, ఇది నవాబుల నాష్తా, మీ ఊళ్ళల్ల దొరకదు" అని. తమ్ముడు తల ఊపి తిన్నడు. రాత్రి పడుకునే ముందు అడిగిండు: "అన్నా, ఈ పట్నంలో అన్నీ నవాబులవేనా? మనోళ్ళది ఒక్కటి కూడా లేదా?"

ఆ ప్రశ్నకు మా దగ్గర అప్పుడు జవాబు లేదు. పుస్తకాలు తిరగేసినం, ఇంటికి ఫోన్లు చేసినం. దొరికిందంతా ఇక్కడ రాస్తున్నం. మన జూనియర్లలో ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని, అడగలేక, ఈ ఊరు మనది కాదని వాపస్ పోయేటోళ్ళు ఉన్నరు. వాళ్ళ కోసమే ఈ పోస్టు.

ముందు కిచిడీ సంగతి. ఇది ఒక్క నవాబు ఇంట్లో పుట్టింది కాదు. మన తెలుగువాళ్ళు బియ్యం, పెసరపప్పు కలిపి వండి పులగం అన్నారు. 14వ శతాబ్దంలో మొరాకో నుంచి ఢిల్లీకి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఇక్కడి జనం పెసలు, బియ్యం కలిపి వండి, నెయ్యి వేసుకుని పొద్దున్నే తింటారని రాశాడు. అంటే నాష్తాకు కిచిడీ తినే అలవాటు చార్మినార్ కన్నా రెండు వందల ఏళ్ళకు పైగా పాతది. 15వ శతాబ్దంలో రష్యా నుంచి మన పక్కనున్న బీదర్‌కు వచ్చిన వ్యాపారి నికితిన్ అయితే ఇంకో ముచ్చట రాశాడు. అక్కడ గుర్రాలకు శనగలు పెడతారట, కిచిడీ కూడా వండి పెడతారట. తర్వాత అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐనీ అక్బరీలో వంటల లెక్క ఉంది. కిచిడీకి బియ్యం 5 సేర్లు, పప్పు 5 సేర్లు, నెయ్యి కూడా 5 సేర్లు! మన రూములో అంత నెయ్యి పోస్తే నెల బడ్జెట్ ఒక్క పూటకే అయిపోతది.

17వ శతాబ్దంలో గోల్కొండకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియర్ అసలు మాట చెప్పాడు. కిచిడీ సిపాయిలు, పేదలు మామూలుగా తినే తిండి అని రాశాడు. గుర్రం తిన్నది, సిపాయి తిన్నడు, పేదోడు తిన్నడు, పాదుషా తిన్నడు. నవాబుల వంటవాళ్ళు అందులో షాజీరా, లవంగం, పుదీనా వేసి రుచి పెంచారు, అది కాదనం. కానీ అది వాళ్ళ ఒక్కరి సొత్తు కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ గుట్టల ఊరికి అంత బియ్యం, పప్పు, ఉప్పు ఎట్ల వచ్చేవి? రైలు లేదు, లారీ లేదు, సరైన రోడ్డు లేదు.

దీనికి జవాబు కూడా టావెర్నియరే ఇచ్చాడు. 1676లో అచ్చయిన ఆయన యాత్రల పుస్తకంలో, గుడారాల్లో బతుకుతూ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సరుకు మోయడమే పనిగా పెట్టుకున్న నాలుగు తెగల గురించి ఉంది. ఒక తెగ గోధుమల వంటి ధాన్యం మాత్రమే మోస్తుంది. రెండోది బియ్యం. మూడోది పప్పులు. నాలుగోది ఉప్పు. ఒక్కో తెగలో లక్ష మంది దాకా ఉంటారని ఆయన అంచనా. ఒక్కో బిడారులో 10,000 నుంచి 12,000 ఎద్దులు కనబడేవట. ఇరుకు దారిలో అట్లాంటి బిడారు ఎదురైతే అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని రాశాడు. ఆయన వాళ్ళను మనారీలు అన్నాడు. చరిత్రకారులు వీళ్ళను బంజారాలుగా గుర్తించారు. అంటే మన లంబాడీ తాతలు.

ఈ పేజీ చదివి రూములో అందరం కాసేపు గమ్మున కూర్చున్నం. బియ్యం ఒకరు, పప్పు ఒకరు, ఉప్పు ఒకరు. కుక్కర్‌లో మనం రోజూ వేసేవి ఈ మూడే కదా! లవణం అన్న మాట నుంచే లమాణీ, లంబాడీ పేర్లు వచ్చాయని కొందరు పండితులు అంటారు. మాలో ఒకరి తాతకు ఫోన్ చేసి అడిగితే "లదేణి" అన్న మాట చెప్పిండు. ఎద్దుల మీద సరుకు వేసుకుని పోయే బతుకును అట్ల అంటరట. ఆయన పుట్టకముందే ఆ బతుకు పోయింది, మాట మాత్రం మిగిలింది.

ఆ ఎడ్లకు ఎంత బలం ఉండేదో 1687 చెప్తుంది. ఔరంగజేబు గోల్కొండను దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించాడు. వానలు పడి, వరదలొచ్చి, ధాన్యం రాక ఆగిపోయింది. కోట లోపలున్న తానీషా సంగతి అటుంచితే, బయటున్న మొగల్ సైన్యమే తిండి లేక అల్లాడింది. ఫిరంగులున్నయి, ఏనుగులున్నయి, ఖజానా ఉంది, కానీ గింజ లేదు. దారిలో ఎద్దు ఆగితే పాదుషా అయినా పస్తే. వందేళ్ళ తర్వాత టిప్పు సుల్తాన్ మీదికి పోయిన కారన్‌వాలిస్ కూడా 1791-92లో తన సైన్యానికి తిండి కోసం బంజారాల ఎడ్ల మీదనే ఆధారపడ్డాడు. చరిత్ర పుస్తకాల్లో గెలిచినోళ్ళ పేర్లున్నయి, ఓడినోళ్ళ పేర్లున్నయి. తిండి తెచ్చినోళ్ళ పేర్లు లేవు.

తర్వాత ఏమైంది? 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తిరిగే జాతులంటే అనుమానం. చాలా చోట్ల బంజారాలను ఆ జాబితాలో పెట్టారు. మూడేళ్ళకు, 1874లో, వాడి నుంచి హైదరాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. 1889 నాటికి లైను బెజవాడ దాకా పోయింది. పది వేల ఎద్దులు వారాల తరబడి మోసే బరువును రైలు రోజుల్లో దించేసింది. బిడార్లు ఆగిపోయినయి. ఎక్కడ ఆగితే అక్కడ తండా పడ్డది. మోసిన చేతులు కూలికి పోయినయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1884లో, పైగా వంశానికి చెందిన వికార్ ఉల్ ఉమ్రా ఈ ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టడం మొదలుపెట్టాడు. ఫలక్‌నుమా అంటే ఆకాశాన్ని పోలినది అని అర్థం. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి పోయింది. లోపల 101 మంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల ఉంది. 2010 నుంచి అది తాజ్ వాళ్ళ హోటల్. ఆ బల్ల గురించి గైడ్లు చెప్తరు, ఫొటోలు దిగుతరు. బల్ల మీది గింజ ఏ దారిన నడిచి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పరు. అది మనమే చెప్పాలె.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. బియ్యం మోసినంత మాత్రాన మనోళ్ళు రోజూ బియ్యం తిన్నరని కాదు. మా తండాల్లో పెద్దోళ్ళు తిన్నది జొన్నరొట్టె, కారం. అన్నం పండగ పూట. గూడేల్లోనూ అంతే. జోడేఘాట్‌లో కొమరం భీమ్ అమరుడైన 1940లోనే హైదరాబాద్ రాజ్యానికి వచ్చిన హైమెండార్ఫ్, ఆదిలాబాద్ గోండుల మీద రాసిన పుస్తకం 1948లో వచ్చింది. గోండుల ప్రధాన పంట, ప్రధాన తిండి జొన్న అని అందులో తెలుస్తది. చెంచులకైతే అడవి గడ్డలే ఆధారం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినంక మన ఇళ్ళల్లో రోజూ అన్నం కుండ పొయ్యెక్కింది. 2015 జనవరి నుంచి తెలంగాణ హాస్టళ్ళల్లో సన్నబియ్యం పెట్టిండ్రు. మనలో చాలామందిమి ఆ అన్నం తిని చదివినోళ్ళమే. అట్లని జొన్న తిన్న తాతల తిండి తక్కువది కాదు. ఇప్పుడు అదే జొన్నరొట్టెను సూపర్‌మార్కెట్లో ఆరోగ్యం పేరు మీద ఎక్కువ ధరకు అమ్ముతున్నరు.

ఇది చదివి గూడెం మిత్రులు "మరి మా వాటా ఏది?" అని అడుగుతరని తెలుసు. మా రూములోనే అడిగిండ్రు. ఖట్టా చూడండి. కిచిడీ పక్కన పోసే ఆ పులుసులో నువ్వులు, చింతపండు. ఏజెన్సీ గూడేల నుంచి సంతలకు దిగిన సరుకుల్లో చింతపండు ముఖ్యమైనది. ఒకప్పుడు సంతల్లో షావుకార్లు కొంచెం ఉప్పు కొలిచి, దానికి ఎన్నో రెట్ల విలువైన చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు పట్టుకపోయేటోళ్ళు. ఆ దోపిడీని ఆపాలనే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఇప్పుడు లెక్క చూడండి. ఒకరి ఉప్పు ఎద్దు మీద వచ్చింది, ఇంకొకరి చింతపండు అదే ఉప్పు కోసం తక్కువకు పోయింది. రెండూ ఈ ఒక్క ప్లేట్లోనే ఉన్నయి. తండా వేరు, గూడెం వేరు అని మనం కొట్లాడుకునేటప్పుడు ఈ ప్లేటు గుర్తుకు తెచ్చుకుందాం.

ఇక కుక్కరు. దీని చరిత్ర కూడా అదే కాలంలో మొదలైంది. టావెర్నియర్ పుస్తకం వచ్చిన మూడేళ్ళకు, 1679లో, డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త లండన్‌లో ఆవిరి బయటికి పోకుండా గట్టిగా మూసిన పాత్రలో గట్టి ఎముకలను మెత్తగా ఉడికించి చూపించాడు. పాత్ర పేలకుండా దానికి ఒక సేఫ్టీ వాల్వు కూడా పెట్టాడు. మన దేశంలో 1910లో బెంగాల్‌కు చెందిన ఇందుమాధవ్ మల్లిక్ ఇక్మిక్ కుక్కర్ తయారుచేశాడు. ఒకదాని మీద ఒకటి పెట్టిన డబ్బాల్లో అన్నం, పప్పు ఆవిరికి ఉడికేవి. మెస్సుల్లో, అద్దె రూముల్లో ఉండే మనలాంటోళ్ళకు అది బాగా పనికొచ్చింది. 1959 ప్రాంతంలో ప్రెస్టీజ్, హాకిన్స్ కుక్కర్లు మార్కెట్‌లోకి వచ్చినయి. సీటీ చప్పుడు ఇంటింటికీ వచ్చింది.

అది ఎట్ల పనిచేస్తదో తెలుసుకుంటే వంట కూడా బాగా వస్తది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి మూత లేని గిన్నెలో నీళ్ళు ఇక్కడ 98 డిగ్రీల దగ్గరే మరుగుతయి. ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. కుక్కర్‌లో ఒత్తిడి పెరిగి సుమారు 120 డిగ్రీల దాకా పోతది. అందుకే పప్పు తొందరగా ఉడుకుతది, గ్యాస్ మిగులుతది. కందిపప్పు బియ్యం కన్నా ఆలస్యంగా ఉడుకుతది, ఎర్రపప్పు, పెసరపప్పు మాత్రం బియ్యంతో పాటే ఉడికిపోతయి. హైదరాబాదీ కిచిడీలో ఎర్రపప్పు, మన పులగంలో పెసరపప్పు ఎందుకు కుదిరినయో దీన్నిబట్టి అర్థమైతది. కందిపప్పు వేయాలంటే ముందు నానబెట్టాలె.

మా లెక్క ఇది. రెండు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు ఎర్రపప్పు కడిగి అరగంట నానబెట్టాలె. నూనెలో షాజీరా, లవంగాలు, ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి వేయించి, పసుపు, ఉప్పు, పుదీనా, ఆరు గ్లాసుల నీళ్ళు. మూడు సీటీలు. ఒక జాగ్రత్త: బియ్యం, పప్పు, నీళ్ళు కలిపి కుక్కర్‌లో సగానికి మించొద్దు. పప్పు నురగ పొంగి ఆవిరి పోయే బొక్కకు అడ్డం పడుతది. ఒకసారి ఆకలితో నిండా పోసి, ఆవిరి దిగకముందే మూత తీయబోయినం. కిచిడీ పైకప్పుకు అంటుకుంది, ఒకరి చెయ్యి కాలింది. ఆ మరక ఇప్పటికీ ఉంది. సీటీ బొక్క రోజూ చూసుకోండి, ఆవిరి పూర్తిగా పోయేదాకా ఆగండి.

నిన్న తమ్ముడే వండిండు. సీటీ వచ్చేటప్పుడు కింద పట్టాల మీద పాలమూరు బండి కూడా పోతుంది. వాడికి ఇదంతా చెప్పినం. "అయితే అన్నా, ఆ పెద్దాయనకు చెప్దామా?" అన్నడు. తప్పకుండా చెప్దాం, కోపంతో కాదు, పక్కన కూర్చుని తింటూ చెప్దాం. నవాబుల నాష్తానే చాచా, కానీ గింజలు మా తాతలు తెచ్చినయి అని.

మిత్రులారా, ఒక్క పని చేయండి. ఈసారి ఇంటికి పోయినప్పుడు తాతనో నానమ్మనో అడగండి. మీ చిన్నప్పుడు ఉప్పు ఎక్కడి నుంచి వచ్చేది? ఏం ఇచ్చి కొనేటోళ్ళు? ఇంట్లో రోజూ అన్నం ఎప్పటి నుంచి మొదలైంది? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, మన మాటల్లోనే ఇక్కడ రాయండి. వాళ్ళు పోతే ఆ లెక్క కూడా పోతది. ఇంకొకరు రాస్తరని ఇన్నేళ్ళు ఆగినం, ఇక చాలు.

జోహార్.