అద్దె సాయం, తీవ్ర మానసిక రుగ్మత: అమెరికా చరిత్ర

స్కిజోఫ్రీనియా, బైపోలార్ రుగ్మత, తీవ్రమైన డిప్రెషన్ వంటి దీర్ఘకాలిక జబ్బులతో బతుకుతున్న వయోజనులు అమెరికాలో ప్రభుత్వ సాయంతో ఇల్లు పొందేందుకు ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది స్థానిక సంస్థలు కట్టి నడిపే పబ్లిక్ హౌసింగ్. రెండోది ప్రైవేటు ఇంటి అద్దెకు పనికొచ్చే సెక్షన్ 8 వోచరు. మూడోది ఇంటితో పాటు కేస్ మేనేజరు తోడ్పాటు, వైద్య సేవలు కూడా అందే సపోర్టివ్ హౌసింగ్. సాధారణంగా అద్దెదారు తన ఆదాయంలో దాదాపు 30 శాతం చెల్లిస్తే మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. వీటిలో మొదటి రెండూ మానసిక రోగుల కోసం మొదలైనవి కావు. 1937 నాటి గృహనిర్మాణ చట్టం తక్కువ ఆదాయమున్న కుటుంబాల కోసం వచ్చింది. అప్పట్లో తీవ్ర మానసిక రుగ్మత ఉన్నవారి చిరునామా రాష్ట్ర ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. చాలామంది ఆ గోడల మధ్యే ముసలివారై అక్కడే కన్నుమూసేవారు.

ఆస్పత్రి నుంచి బయటికి

1955లో ఆ ఆస్పత్రుల్లో సుమారు 5,58,000 మంది ఉన్నారు. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంత సంఖ్య లేదు. అంతకు ఏడాది ముందే క్లోర్‌ప్రోమజైన్ అనే మందు అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. భ్రమలు, భ్రాంతులు అదుపులోకి రావడంతో రోగిని ఇంటికి పంపవచ్చన్న నమ్మకం పెరిగింది. 1963 అక్టోబరు 31న, హత్యకు మూడు వారాల ముందు, అధ్యక్షుడు జాన్ కెన్నెడీ సామాజిక మానసిక ఆరోగ్య కేంద్రాల చట్టంపై సంతకం చేశారు. ఒక్కో కేంద్రం ఐదు సేవలు అందించాలని నిర్దేశించారు: ఇన్‌పేషెంటు చికిత్స, అవుట్‌పేషెంటు చికిత్స, పగటి వేళ చికిత్స, అత్యవసర సేవ, స్థానిక సంస్థలకు సలహా, శిక్షణ. రోగి రాత్రికి ఎక్కడ పడుకుంటాడన్నది ఆ ఐదింటిలోనూ లేదు. అనుకున్న 1,500 కేంద్రాల్లో సగం మాత్రమే కట్టారు గనుక పథకం విఫలమైందని సాధారణంగా చెబుతారు. మొత్తం 1,500 కట్టి ఉన్నా ఇంటి సమస్య అలాగే ఉండేది. ఈ సంగతి తగినంతగా చెప్పుకోలేదు.

పేదల వైద్య ఖర్చు భరించే మెడికెయిడ్ పథకం 1965లో వచ్చి, రోగులు ఆస్పత్రులు వీడడాన్ని వేగిరపరిచింది. మానసిక చికిత్సాలయాల్లో ఉన్న 65 ఏళ్లలోపు వయోజనుల వైద్యానికి ఫెడరల్ డబ్బు ఇవ్వకూడదని అందులో నిబంధన ఉంది. రోగిని లోపల ఉంచితే ఖర్చంతా రాష్ట్రానిదే. బయటికి పంపితే ఫెడరల్ ప్రభుత్వం కొంత పంచుకుంటుంది. 1980 నాటికి ఆస్పత్రుల్లోని రోగులు లక్షన్నర లోపుకు తగ్గారు.

వెళ్లినవారు ఎక్కడికి వెళ్లారు? కొందరు కుటుంబాల దగ్గరికి చేరారు. 1974 జనవరిలో వైకల్యమున్న పేదలకు కూడా అందే ఎస్ఎస్ఐ అనే నెలవారీ భృతి మొదలయ్యాక ఆ డబ్బును తీసుకుని గది, భోజనం పెట్టే ప్రైవేటు వసతి గృహాలు నగరాల్లో పెరిగాయి. మిగిలినవారికి ఆధారం ఒంటిగది హోటళ్లు. ఒక గది, ఉమ్మడి స్నానాల గది, వారం వారం కట్టే అద్దె. సౌకర్యాలు అంతంతమాత్రమే అయినా తలుపు వేసుకోవడానికి ఒక గడియ ఉండేది. 1970, 80 దశకాల్లో నగరాలు వాటిని కూల్చివేశాయి. న్యూయార్క్ అయితే వాటిని ఖరీదైన ఫ్లాట్లుగా మార్చే యజమానులకు పన్ను రాయితీ కూడా ఇచ్చింది. వీధుల్లో, షెల్టర్లలో కనిపించిన మానసిక రోగులను చూసి జనం ఆస్పత్రుల మూసివేతనే తప్పుపట్టారు. అందులో కొంత నిజముంది. అయితే వారి కింద నుంచి గదిని లాగేసిన నిర్ణయాలకు అంతకంటే పెద్ద వాటా ఉంది.

వోచరు వచ్చింది

1974లో గృహ, సమాజాభివృద్ధి చట్టం సెక్షన్ 8ను తెచ్చింది. అద్దెదారు వాటా మొదట ఆదాయంలో 25 శాతం. 1981లో దాన్ని 30 శాతానికి పెంచారు. 1986లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ తొమ్మిది నగరాల్లో దీర్ఘకాలిక మానసిక రోగుల కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, ఫెడరల్ గృహ శాఖ ఆ నగరాలకు సెక్షన్ 8 అద్దె సాయం పత్రాలను కేటాయించింది. మానసిక వైద్య వ్యవస్థా గృహ వ్యవస్థా ఒక బల్ల దగ్గర కూర్చుని పనిచేసిన తొలి పెద్ద ప్రయత్నాల్లో అదొకటి.

1990ల మొదట్లో శాన్ డియేగోలో జరిగిన ఒక అధ్యయనం ఇంకా ముందుకు వెళ్లింది. ఇల్లులేని మానసిక రోగులను లాటరీ పద్ధతిలో విభజించి, కొందరికి సెక్షన్ 8 పత్రం ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. కేస్ మేనేజర్ల సేవను కూడా అలాగే రెండు స్థాయుల్లో అందించారు. పత్రం దొరికినవారు సొంతంగా అద్దె ఇంట్లో స్థిరపడే అవకాశం బాగా పెరిగింది. కేస్ మేనేజర్ల సేవ స్థాయి ఆ విషయంలో పెద్ద తేడా తేలేదు. రోగిని ముందు ఇంటికి సిద్ధం చేయాలని వాదిస్తూ వచ్చిన రంగానికి ఇది గట్టి జవాబు.

అదే కాలంలో ఒక తలుపు మూసుకుంది. పబ్లిక్ హౌసింగ్‌లో వృద్ధుల కోసం కట్టిన భవనాల్లో వైకల్యమున్న చిన్న వయసువారికి కూడా చోటుండేది. ఒంటరి మనిషికి సరిపడే చిన్న ఫ్లాట్లు ఎక్కువగా ఉన్నది ఆ భవనాల్లోనే కావడంతో, మానసిక రుగ్మత ఉన్నవారు అక్కడికే చేరుతూ వచ్చారు. ఇరుగుపొరుగు మధ్య గొడవలు వచ్చాయి, ఫిర్యాదులు పెరిగాయి. 1992లో కాంగ్రెస్ స్థానిక సంస్థలకు ఆ భవనాలను వృద్ధులకే కేటాయించుకునే అధికారమిచ్చింది. మానసిక వైకల్యాన్ని కారణంగా చూపి ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించిన 1988 చట్టానికి అప్పటికి నాలుగేళ్లే. నష్టాన్ని పూడ్చడానికి తర్వాత 1990ల చివరి నుంచి వైకల్యమున్నవారికి ప్రత్యేక వోచర్లు ఇచ్చారు. కోల్పోయిన ఫ్లాట్లకు అవి సాటి రాలేదు.

న్యూయార్క్ పాఠాలు

1980లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు మాన్‌హాటన్‌లో ఒక పాత హోటల్‌ను తీసుకుని సెయింట్ ఫ్రాన్సిస్ రెసిడెన్స్‌గా మార్చారు. సపోర్టివ్ హౌసింగ్‌కు అది తొలి నమూనాల్లో ఒకటి. 1990లో గవర్నరు మారియో క్వోమో, మేయరు డేవిడ్ డింకిన్స్ ఒప్పందం కుదుర్చుకుని, ఇల్లులేని మానసిక రోగులకు 3,600 పైచిలుకు నివాసాలు ఏర్పాటు చేశారు. డెనిస్ కల్‌హేన్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన ఈ ఒప్పందం కింద ఇళ్లకు చేరిన 4,679 మంది లెక్కలు చూసింది. ఇల్లు రాకముందు ఒక్కొక్కరిపై షెల్టర్లు, ఆస్పత్రులు, జైళ్ల ఖర్చు ఏడాదికి సుమారు 40,000 డాలర్లు. ఇల్లు వచ్చాక ఆ ఖర్చు ఏడాదికి 16,000 డాలర్లకు పైగా తగ్గింది. ఇంటికైన ఖర్చులో అత్యధిక భాగం దాంతోనే తిరిగి వచ్చినట్లయింది.

1992లో మనస్తత్వవేత్త శామ్ సెంబెరిస్ అదే నగరంలో పాత్‌వేస్ టు హౌసింగ్ స్థాపించారు. అప్పటి రివాజు ప్రకారం రోగి మందులు వేసుకోవాలి, తాగుడు మానాలి, మెట్టు మెట్టుగా అర్హత సంపాదించాలి. చివర్లో ఇల్లు. సెంబెరిస్ ముందు ఇంటి తాళం చేతికిచ్చి, చికిత్స తీసుకోవడం మానడం ఆ మనిషికే వదిలారు. ఇదే హౌసింగ్ ఫస్ట్. ఆ ఇళ్లలో దాదాపు 80 శాతం మంది నిలిచారని 2004లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. కెనడాలో 2009 నుంచి ఐదు నగరాల్లో 2,000 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో కూడా ఫలితం అటే మొగ్గింది. చివరి ఆరు నెలలూ ఇంట్లోనే ఉన్నవారు హౌసింగ్ ఫస్ట్ బృందంలో 62 శాతం, మామూలు సేవలు అందినవారిలో 31 శాతం. అయితే ఇల్లు జబ్బును నయం చేస్తుందని ఈ అధ్యయనాలు చెప్పలేదు. రోగ లక్షణాల్లో రెండు బృందాల మధ్య పెద్ద తేడా లేదు. విమర్శకులు దీన్నే ఎత్తిచూపుతారు. కానీ గుండె జబ్బు మనిషికి ఇల్లిస్తే గుండె బాగవుతుందా అని ఎవరూ అడగరు కదా.

కోర్టులు

1999 జూన్ 22న ఓల్మ్‌స్టెడ్ కేసులో సుప్రీంకోర్టు, బయట బతకగలవారిని ఆస్పత్రిలోనే ఉంచడం వివక్షేనని తీర్పు చెప్పింది. కేసు వేసినవారు జార్జియాకు చెందిన లోయిస్ కర్టిస్, ఎలైన్ విల్సన్. డాక్టర్లే సరేనన్నా వారికి బయట చోటు చూపించలేదు. ఆ తర్వాత 2002లో న్యూయార్క్ టైమ్స్‌లో క్లిఫర్డ్ లెవీ రాసిన కథనాలు ఆ నగరంలో మానసిక రోగులుండే ప్రైవేటు వసతి గృహాల్లోని దుస్థితిని, పట్టించుకోని మరణాలను బయటపెట్టాయి. 2009లో ఫెడరల్ జడ్జి నికొలస్ గారౌఫిస్ అక్కడివారికి సపోర్టివ్ హౌసింగ్‌కు మారే అవకాశం దక్కాలని తేల్చారు.

అందనివారు

2025లో ఎస్ఎస్ఐ గరిష్ఠ ఫెడరల్ భృతి ఒంటరి మనిషికి నెలకు 967 డాలర్లు. అందులో 30 శాతం అంటే 290. ఆ అద్దెకు ఒక గది దొరకడం కల్ల. టెక్నికల్ అసిస్టెన్స్ కొలాబొరేటివ్ లెక్కల ప్రకారం 2016లోనే ఒక పడకగది ఫ్లాటు సగటు అద్దె ఎస్ఎస్ఐ మొత్తాన్ని 13 శాతం మించింది. వోచరు చేతికి వచ్చినా గడువులోగా ఒప్పుకునే యజమానిని వెతుక్కోవాలి. వోచరుదారులను కాదనకుండా యజమానులను ఆపే ఫెడరల్ చట్టం లేదు. కొన్ని రాష్ట్రాలు, నగరాల్లోనే ఆ నిషేధం ఉంది. బ్యాంకు ఖాతా లేని, పాత అద్దె చరిత్ర లేని, ఎప్పుడో జైలుకెళ్లి వచ్చిన మనిషికి ఆ వెతుకులాట ఎంత కష్టమో ఊహించవచ్చు.

2025 జూలై 24న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ హౌసింగ్ ఫస్ట్‌కు ఫెడరల్ మద్దతును ముగించాలని ఆదేశించారు. వీధుల్లోని మానసిక రోగులను నిర్బంధ చికిత్సకు పంపడాన్ని ప్రోత్సహించాలన్నారు. ఇలాంటి ఆదేశాలున్నా లేకున్నా ఒక మౌలిక తేడా ఉంది. ఎస్ఎస్ఐ, మెడికెయిడ్ అర్హులందరికీ హక్కుగా దక్కుతాయి. అద్దె సాయం మాత్రం ఏటా కాంగ్రెస్ ఇచ్చే నిధులున్నంతవరకే. అర్హత ఉన్న ప్రతి నాలుగు కుటుంబాల్లో సుమారు ఒక్కదానికే అది చేరుతోంది.