గళ్లలో ఇమడని అక్షరం

నిలువు వరుసల లెక్క కంప్యూటర్ల కంటే పాతది. 1928లో ఐబీఎం పంచ్ కార్డుకు 80 వరుసలు వచ్చాయి, వరుసకొక అక్షరం. తర్వాత ఫోర్ట్రాన్ వాళ్లు వాటిని పంచుకున్నారు: మొదటి 5 గళ్లు స్టేట్‌మెంట్ నంబరుకు, 6వది కొనసాగింపు గుర్తుకు, 7 నుంచి 72 దాకా అసలు ప్రోగ్రాముకు. కార్డులు పోయినా ఆ అలవాటు పోలేదు. 1963 నాటి ఆస్కీతో అది ఇంకా బిగుసుకుంది. బైటు, అక్షరం, తెర మీద గడి మూడూ ఒకటేనన్న నమ్మకంతోనే ‘పేరు 20, ఊరు 15’ అంటూ ఫైళ్లను కోసుకుంటూ పోయారు.

జపాన్ వాళ్లకు కాలం కలిసొచ్చింది. షిఫ్ట్-జిస్‌లో కంజీకి 2 బైట్లు, తెర మీదా 2 గళ్లే. సగం వెడల్పు కటకానాకు ఒక బైటు, ఒక గడి. బైట్లు లెక్కపెట్టినా వరుసలు కుదిరేవి. మనకు ఆ అదృష్టమూ లేదు. 1991 నాటి మన లిపుల ప్రమాణం ఇస్కీలో హల్లు, పొల్లు, గుడి లాంటి ఒక్కో సంకేతానికి బైటు చొప్పునే అయినా, ‘స్త్రీ’ రాయడానికి 6 బైట్లు పట్టేవి.

1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలోని ఓ భోజనశాలలో, బల్ల మీద పరిచిన కాగితంపైనే యూటీఎఫ్-8కు రూపమిచ్చారు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటుగానే మిగిలింది. దాని గొప్పతనం అదే, చిక్కూ అదే. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షిస్తే ఏ తప్పూ బయటపడదు. తెలుగు సంకేతానికి 3 బైట్లు. 20 బైట్ల దగ్గర పేరును కోస్తే ఆరు సంకేతాలు నిలిచి, ఏడోదానికి రెండు బైట్లే దక్కుతాయి. అక్కడ నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం ప్రత్యక్షం!

2008లో పైథాన్ 3 బైట్లను పక్కనపెట్టి సంకేతాలను లెక్కపెట్టడంతో ఆ వజ్రం బెడద చాలావరకు తగ్గింది, వరుసలు మాత్రం కుదరలేదు. టెర్మినళ్లకు వెడల్పు చెప్పే డబ్ల్యూసీవిడ్త్ పట్టికల పాత లెక్కలో గుడి సున్నా, కొమ్ము ఒకటి. అంటే ‘కి’ ఒక గడి, ‘కు’ రెండు. ‘స్త్రీ’ 18 బైట్లు, 6 సంకేతాలు, 3 గళ్లు; చదివే కంటికి ఒకే అక్షరం. దాన్ని ఒక్కటిగా లెక్కించే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1తో గానీ రాలేదు. అదీ అక్షరం హద్దు చెబుతుందే తప్ప వెడల్పు చెప్పదు.

అందుకే ఫైలు చేతికొస్తే ముందు అడగాల్సింది, దాన్ని రాసిన ప్రోగ్రాము దేన్ని లెక్కపెట్టిందని. సీ భాషలో ప్రింట్‌ఎఫ్‌తో ఖాళీలు నింపి ఉంటే సాధారణంగా అవి బైట్లే. బైట్లుగానే కోసి, ఆ తర్వాత డీకోడ్ చేయాలి. తెర గళ్లను చూసి నింపి ఉంటే ముందు డీకోడ్ చేసి, అదే వెడల్పు పట్టికతో కొలవాలి. రాయడం మన చేతిలో ఉంటే మటుకు మధ్యలో ఓ ట్యాబ్ పెట్టేస్తే పోతుంది.